చేపల తొట్టెలో నుంచు ఏటికొయ్యను జతపరచు విధము

కృష్ణ పొంగి తీసిన పిమ్మట మన పల్నాటి రేవులలో ఒడ్డున చిక్కుకొని యుండు మోళ్లను, వేళ్లను, వంకర కొమ్మలను ఇంతవరకు మనము వంటచెరకుగానే యెరుగుదుము. పట్టణములలో గాజుతొట్టెలయందు రంగుచేపలను పెంచువారు ఆ మోళ్లనే వెలయిచ్చి కొనుచున్నారు. కడిగి, నానవేసి, చక్కగా సిద్ధపరచిన వేరు తునక ఒక్కొక్కప్పుడు తొట్టెలోని చేపల కంటె నెక్కువ వెల పలుకును. 2020 సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల పెంపకమునకును చోటు కల్పింపబడినది. కావున ఈ పనిని గూర్చి తెలిసికొన గోరు సభ్యులు మనలోను కలరు. తొట్టె కట్టుట, మేత, గాలిపంపు, పిల్లలను తీయుట మున్నగు విషయములను మరియొక సంచికకు విడిచి, ఈ నెల ఒక్క విషయమును మాత్రమే చెప్పదలచితిమి. రెండు మూడు కొయ్య తునకలను ఒకటిగా చేర్చి, అవి నీటిలో విడిపోకుండునట్లును, చేపలకు కీడు కలుగకుండునట్లును చేయుట యెట్లు?

ఇంత చిన్న పనికి ఇంత వ్రాత యెందుకని కొందరికి తోచవచ్చును. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టెలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. నీటి బరువే 56 కిలోలు. ఆ నీటిని మోయునది సన్నని గాజు. లోపల నిలిపిన కొయ్య అతుకు విడి గాజుపై ఒరిగినయెడల తొట్టె పగిలి, చేపలతో కూడ ఇల్లెల్ల నీరగును. దగ్గర పిల్లలున్నచో గాజు ముక్కలవలన గాయములును కలుగును. అతుకు విడకున్నను, అందు వాడిన మేకో జిగురో విషమైనచో ఒక్క రాత్రిలో చేపలన్నియు తేలిపోవును. అప్పు తెచ్చి తల్లిచేపలను కొన్నవానికి చేపలు పోయినను అప్పు పోదు. ఇన్ని నష్టములును నాలుగణాల మేకు వలన కలుగునవి కాబట్టి ఈ పాఠము అనవసరము కాదని తలచుచున్నాము.

గాజుతొట్టెలలో చేపలను నిలుపు విద్య మన ప్రాంతమునకు క్రొత్తదైనను దేశమునకు క్రొత్తది కాదు. లండను జంతుశాలలో 1853లో చేపల గృహము తెరువబడెను. మద్రాసు సముద్రతీరమున 1909లో మత్స్యప్రదర్శనశాల వెలసెను. గుంటూరు జిల్లా యప్పుడు ఆ రాజధానిలోనిదే. ఇక కొయ్యను నీటిలో వేయుట యనిన మన జాలరులు నిత్యము చేయు పనియే. చెరువులో దొంగవలలు పడకుండ తుమ్మకంప వేయుదురు. ఆ కంప క్రిందనే చేపలు చేరునని వారికి తెలియును. బొమ్మిడాయి, జల్ల వంటి చేపలు పగటివేళ మోడుక్రిందనో, వేళ్లసందుననో దాగియుండును. దాగుచోటు లేని తొట్టెలో బెదరిన చేప మేత మానును, ఒకదానినొకటి కరచుకొనును. అదిగాక కొయ్యపైని జిగటపొరయందు నివసించు సూక్ష్మజీవులు చేపల మలమూత్రములవలన పుట్టు అమోనియాను హానిలేని రూపమునకు మార్చుచుండును. కొయ్య అందము కొరకే కాదనుటకు ఇంతమాత్రము చాలును.

కొయ్యను ఎన్నుకొనుట

అతుకు ఎంత గట్టిదైనను కొయ్య పుచ్చినదైనచో నిలువదు. ముందుగా మేకుమొనతో నలుదెసల పొడిచి చూడవలెను. మొన దిగబడి మెత్తని పొట్టు రాలినచో దానిని పొయ్యిలో పెట్టుకొనుటయే మేలు. మెత్తని కొయ్య నీటిలో క్రుళ్లి, చేపలకు కావలసిన ప్రాణవాయువును తానే హరించును. పచ్చికొయ్య కూడదు, అందలి రసము నీటిలో దిగి నురుగును, దుర్వాసనను పుట్టించును. ఏండ్లకొలది ఎండి, వరదలలో నాని, బెరడు తనంత తానే ఊడిపోయిన చేవకొయ్య శ్రేష్ఠము. మన చుట్టుపట్ల దొరకువానిలో చింత, నేరేడు, తుమ్మ, ఏరుమద్ది వీని వేళ్లును చేవయు మంచివి. మన బీళ్లనెల్ల ఆక్రమించిన సర్కారు తుమ్మ ఇందుకు మిక్కిలి అనుకూలము. దాని వేళ్లు వంకరలు తిరిగి చూడముచ్చటగా నుండును, చేవ గట్టిది, నరికినందుకు ఎవరును చింతింపరు. అయితే దానిని త్రవ్వితీసిన పిదప కనీసము ఒక వేసవి ఎండనీయవలెను.

పాలుకారు చెట్ల కొయ్యను ముట్టరాదు. జెముడు, జిల్లేడు, గన్నేరు, ముష్టి వీని నే తునకయు తొట్టెలో పడరాదు. మంగకాయలను నలిపి మడుగులో వేసి చేపలను మత్తెక్కించు వాడుక మన వృద్ధులు వినియే యుందురు. అట్టి చెట్ల కొయ్యతో మన కేమి పని? పేరు తెలియని కొయ్యను గూర్చి సందేహము కలిగినపుడు విడుచుటయే నియమముగా పెట్టుకొనవలెను.

నడికుడి ఇనుపదారుల కూడలి గనుక మరియొక హెచ్చరిక మనకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పూర్వము రైలుపట్టాల క్రింద నుంచిన కొయ్యదిమ్మెలు ఎచ్చటనైన దొరికినచో, అవి గట్టిగానున్నవని తొట్టెకు వాడరాదు. చెదలు పట్టకుండుటకై ఆ దిమ్మెలకు తారునూనె పట్టించుట రైల్వేలలో వాడుక. నూనె కొయ్య గర్భములోనికి దిగియుండును. ఎన్నియేండ్లైనను నీటిలో కొంచెము కొంచెముగా దిగుచునే యుండి చేపలను చంపును. రంగువేసిన తలుపుచెక్కలు, డామరు పూసిన బండికొయ్య, పాత పడవచెక్క ఇవియు నట్టివే.

మనది మిరప, ప్రత్తి పండు నేల. పురుగుమందు చల్లిన చేలగట్ల నుండియు, చేలనీరు దిగు కాలువలనుండియు కొయ్యను ఏరుకొనరాదు. ఈ దినములలో విరివిగా వాడు సైపర్‌మెత్రిన్ జాతి మందులు మనుష్యునికి కలిగించు హాని కంటె ఎన్నోరెట్లు చేపలకు కలిగించును. నీటిలో లేశమున్నను చాలును. అంతకంటె ముఖ్యమైనది, కొయ్యను నానవేయుటకు మందుడబ్బాలను గాని, మందు కలిపిన బకెట్లను గాని, డ్రమ్ములను గాని తీసికొనరాదు. ఎన్నిమార్లు కడిగినను ఆ పాత్ర చేపల పనికి రాదు. జాగ్రత్తగా కొయ్యను తెచ్చి, పాత్రవద్ద పొరపడి చేపలను పోగొట్టుకొనుట చాల విచారకరము.

మాచర్ల పైనున్న నాగార్జునసాగరు అడవి పులుల రక్షితప్రాంతములోనిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అందుండి ఎండుకొమ్మనైనను అనుమతిలేక తేరాదు. ఊరి రేవులో వరద విడిచిన మోడును, మన చేలోని వేరును తెచ్చుకొనిన చాలును.

నానవేయుట

తెచ్చిన కొయ్యను కొబ్బరిపీచుతో తోమి, బెరడును, మట్టిని పోగొట్టవలెను. సబ్బు పెట్టరాదు. విరంజనచూర్ణమును వాడవలదనియే మా యభిప్రాయము. కొయ్య దానిని రంధ్రములలో దాచుకొని తరువాత విడుచును. ఏటికొయ్యయందు నత్తగ్రుడ్లు, జలగలు, పురుగులు ఉండవచ్చును. పెద్ద ఇనుపపెనములోనో, పాత కాగులోనో గంట రెండుగంటలు మరగించినచో అవి నశించును. మరగుటకు పట్టని పెద్ద మోడుపై సలసల కాగు నీటిని పలుమారులు పోయుట రెండవ మార్గము. తరువాత పశువుల తొట్టివంటి పాత్రలో మునుగునట్లు రాయి బరువు పెట్టి, నీరు మార్చుచు మూడు నాలుగు వారములు నానవేయవలెను.

నీరు తేనీటివలె ఎర్రబారును. కొయ్యలోని వగరు దిగుటయే దీనికి కారణము. చేపల కది హాని చేయదు. అయినను చూచువారికి నచ్చదు గనుక రంగు తగ్గువరకు నీరు మార్చుట మంచిది. ఎండుకొయ్య తేలుటకు కారణము అందలి గాలి. కొయ్యయొక్క సారపదార్థము నీటికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనదే. రంధ్రములలోని గాలి పోయి నీరు చేరిన కొలది కొయ్య మునుగును. తొందరపడి తేలు కొయ్యను జతపరచువారు అతుకుపై రెండింతల భారము వేయుచున్నారు. ఒక తునక పైకి లేవజూచును, మరియొకటి క్రిందికి లాగును. రెండును తమంత తాము మునుగునంతవరకు ఓపిక పట్టవలెను.

అతుకు

ఇది పాఠములో ముఖ్యభాగము. నీటిలో కొయ్య ఉబ్బును. ఆ ఉబ్బు అన్ని దిక్కుల నొకటే విధముగా నుండదు. పూర్తిగా ఎండిన కొయ్య నీరు త్రాగినపుడు నిలువు నార వెంబడి దాదాపు పెరుగనే పెరుగదు. నారకు అడ్డముగా, కాండపు వలయముల వెంబడి నూటికి 6 మొదలు 10 పాళ్లవరకు, నడిబొడ్డు నుండి బెరడువైపునకు అందు సుమారు సగము పెరుగును. కొయ్యజాతిని బట్టి ఇది మారును. తేమ నూటికి 30 పాళ్లు చేరువరకే ఈ పెరుగుదల. అటుపై ఎంత నానినను ఉబ్బదు. వేసవిలో బండికన్ను వదులైనపుడు దానిని చెరువులో పడవేసి, ఆకులు ఉబ్బి కుండలో బిగియునట్లు చేయుట మన మెరిగినదే. అక్కడ మనకు తోడ్పడిన గుణమే ఇక్కడ ఎండుకొయ్యలను బిగించి నీటిలో వేసినవానికి శత్రువగును. ఒక తునక నిలువుగాను, మరియొకటి అడ్డముగాను ఉబ్బుటచే అతుకు పగులును. కావున నానిన కొయ్యలనే, అవి ఉబ్బుట ముగిసిన పిదపనే జతపరచవలెను. ఈ ఒక్క నియమమును పాటించినచో సగము చిక్కులు తొలగును.

మొదట తునకలను నేలపై పేర్చి ఏది ఎచ్చట నానుకొనునో చూడవలెను. గుండ్రని కొమ్మ గుండ్రని కొమ్మను ఒక్క చుక్కయందే తాకును. అట్టి చోట ఏ మేకును నిలువదు. బాడిసతోనో, ఆకురాయితోనో రెండింటిని కొంచెము చదును చేసి, లేక ఒకదానిలో గాడిచేసి రెండవదానిని అందు కూర్చుండబెట్టవలెను. అరచేయంత కానక్కరలేదు, రూపాయి బిళ్లంత చోటు కలిసిన చాలును. తరువాత మేకుల పని.

మేకును కొట్టరాదు. చేవకొయ్య పగులును. మరమేకునే, అనగా దుకాణములలో స్క్రూ యని చెప్పుదానినే వాడవలెను. పై తునకలో మేకు వదులుగా దూరునంత బెజ్జమును, క్రింది తునకలో మేకు మర పట్టుకొనునంత సన్నని బెజ్జమును వేయవలెను. 4 మిల్లీమీటర్ల మేకునకు పైన 4, క్రింద 3 మిల్లీమీటర్ల బెజ్జములు సరిపోవును. ఇట్లు చేసినచో మర క్రింది తునకలోనే పట్టి, పై తునకను దానిపైకి లాగి అదుమును. రెండింటను సన్ననిబెజ్జమే వేసినచో మర రెండింటను పట్టి, నడుమ సందు విడువక నిలిచిపోవును. మేకు పొడవులో మూడింట రెండుపాళ్లు క్రింది తునకలో నుండవలెను. ఒక్క మేకుతో చేర్చిన తునక కీలువలె తిరుగును. రెండు మేకులను ఒకే నారవరుసలో గాక కొంచెము ఏటవాలుగా, ఎడముగా వేయవలెను. మేకు సులభముగా దిగుటకై వడ్రంగులు సబ్బు రాచుట కలదు. ఈ పనిలో సబ్బు కూడదు, తేనెమైనము రాచుకొనవచ్చును.

మేకు ఏ లోహముదై యుండవలెనను ప్రశ్న వచ్చినది. తుప్పుపట్టని ఉక్కు, అనగా స్టెయిన్‌లెస్ స్టీలు, తప్ప వేరేది తీసికొనవలదు. అందు 304 అను రకము మంచినీటి తొట్టెకు చాలును. మామూలు ఇనుపమేకు నీటిలో తుప్పుపట్టి ఉబ్బి కొయ్యను చీల్చును. కొన్ని నెలలకు తల తెగిపోవును. పైగా కొయ్యలోని వగరుతో ఇనుము కలిసినచో నల్లని రంగు పుట్టును. కరక్కాయ కషాయమున ఇనుపరజను కలిపి సిరా చేసిన పెద్దలకు ఇది వింత కాదు. తొట్టెలో ఆ సిరా మన కక్కరలేదు. జస్తాపూత మేకులలోని జస్తా నీటిలో దిగును. ఇత్తడి, రాగి మేకులు తుప్పుపట్టవని వడ్రంగి సలహా యిచ్చిన వినరాదు. మైలుతుత్తమును మన మెరుగుదుము. పంటలపైని బూజును, చెరువులోని నాచును, నత్తలను చంపుటకు వాడునది. అది రాగి లవణమే. చేపల కంటెను రొయ్యలు, నత్తలు రాగిచేత త్వరగా చచ్చును. పల్నాటి నీటివంటి కఠినజలమున రాగి విషము కొంత తగ్గును గాని, ఆ తగ్గుదలను నమ్ముకొని ఇత్తడిని వాడుట వివేకము కాదు. బరువు కొరకు వలల సీసపు గుండ్లను కట్టుటయు మానవలెను.

దుకాణదారుడు స్టెయిన్‌లెస్ అని యిచ్చినదెల్ల అది కాదు. అయస్కాంతము పట్టనిదే మంచిదను వాడుక పూర్తిగా నమ్మదగినది కాదు. మంచి మేకు సయితము మర కోయుటలో నలిగి కొంచెము అంటుకొనవచ్చును. ఉప్పునీటిలో రెండు మూడు దినములు సగము మునుగునట్లు ఉంచి చూడుడు. ఎర్రచుక్క కనబడిన మేకును బండిచెక్కకు వాడుకొనుడు.

లోహమే వలదనువారికి కొయ్యచీల కలదు. మా మట్టుకు చిన్న తునకలకు దీనినే మెచ్చుచున్నాము. నానిన రెండు తునకలను కలిపి బెజ్జము వేసి, బాగుగా ఎండిన తుమ్మచేవ చీలను అందు దింపవలెను. చుట్టునున్న కొయ్య అదివరకే ఉబ్బి ముగిసినది; ఎండుచీల ఇప్పుడు నీరుత్రాగి ఉబ్బి బిగియును. చేతితో త్రోసిన సగము దిగి, మిగిలినది సుత్తి యొక్క రెండు మెత్తని దెబ్బలకు దిగునంత లావు చాలును. అంతకంటె బిగువైన చీల మరునాటికి సన్నని కొమ్మను చీల్చును. బండికన్ను చేయు వడ్రంగి ఎవడైనను ఈ కొలతను చేతివేళ్లతోనే చెప్పగలడు. అట్టివారి పని తగ్గిపోవుచున్న ఈ కాలమున, ఊరిలో ఒక్క వృద్ధ వడ్రంగి యున్నను పిల్లలను వానివద్ద నాలుగు దినములు కూర్చుండబెట్టుట మంచిది.

నైలాను వలదారముతో కట్టుటయు కలదు. గట్టిగా చుట్టి ముడివేసి కొనలను పొట్టిగా కోయవలెను. వదలిన కొన చేప మొప్పలలో చిక్కును. నూలుదారము కొన్ని వారములలో క్రుళ్లును. నాచును కొయ్యకు అంటించుటకు నూలు మంచిదే. నాచు పట్టుకొనువేళకు దారము పోవును. బరువునకు మాత్రము అది పనికిరాదు.

జిగురులు

బజారులో దొరకు తెల్లని వడ్రంగపు జిగురు నీటిలో మెత్తబడి పోవును. తోలు, ఎముకల నుండి వండు పాతకాలపు సరేసు అంతకంటె త్వరగా కరగును. ఇవి రెండును పనికిరావు.

నిమిషములో అంటుకొను సూపరుగ్లూ అను జిగురు, దాని రసాయననామము సైయనోఎక్రిలేటు, గట్టిపడిన పిమ్మట చేపలకు హాని చేయదు. తడిగుడ్డతో తుడిచినంత తేమయున్నను అంటును. అయితే అది పెళుసు. చిన్న రెమ్మలకు, నాచునకు చాలును గాని మోళ్లకు చాలదు. మనవారికి ముఖ్యముగా చెప్పవలసినది: ఈ జిగురు ప్రత్తిదూదిపై పడినచో తీవ్రమైన వేడి పుట్టి పొగలెగయును, చేయి కాలును. సందులు పూడ్చుటకు దూదిని కూరి దానిపై జిగురు పోయువారు కలరు. దూదిని చేతితో పట్టుకొనరాదు, నూలు చేతితొడుగులు వేసికొనరాదు, పిల్లలచేత చేయింపరాదు.

రెండు ముద్దలను కలిపి పిసుకు ఎపాక్సీ జిగురును వాడునపుడు రెండింటిని సమముగా తీసి, రంగు ఒకటియగువరకు కలపవలెను. కలియని భాగము గట్టిపడక నీటిలో దిగి విషమగును. తడికొయ్యను అది గట్టిగా పట్టదు; కావున దానిని అతుకుగా గాక, మేకులతో బిగించిన పిదప సందు పూడ్చుటకు, మేకుతలను కప్పుటకు మాత్రమే వాడవలెను. పొట్లముపై త్రాగునీటి తొట్లకు తగునని గాని, చేపలతొట్టెలకు తగునని గాని వ్రాసియున్నదానినే కొనవలెను. ఒక దినము ఆరనిచ్చి, ఇంకొక దినము వేరునీటిలో ఉంచి ఆ నీటిని పారబోయవలెను. గాజును గాజునకు అంటించు సిలికాను గాజుపైననే బలము చూపును, తడికొయ్యపై ఊడును. బూజు పట్టకుండ మందు కలిపిన స్నానపుగదుల సిలికాను తొట్టెలలోనికి రానే రాదు.

పీఠము

నిలువుగా నిలుపదలచిన మోడునకు క్రింద రాతిపలక పీఠముగా బిగించుట ఉత్తమము. మన ప్రాంతమున నాపరాతికి కరవు లేదు. పలకలో రాతి బరమాతో బెజ్జము వేసి, క్రింది వైపున మేకుతల లోనికి దిగునంత గుంట చెక్కి, క్రిందినుండి మోడులోనికి మరమేకు వేయవలెను. తల పైకి పొడుచుకొని యుండినచో బరువంతయు ఆ చుక్కపై నిలిచి అడుగుగాజు పగులును. పలక క్రింద అంగుళమెత్తు సన్నని ఇసుకయో, మెత్తని నురుగురేకో పరచవలెను.

పల్నాటి రాయి చాలవరకు సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలును, మన చుట్టునున్న సిమెంటు కర్మాగారములును ఈ రాతి మూలముననే వెలసినవి. నిమ్మరసము వేసి చూచిన బుడగలు లేచును. ఈ రాయి నీటిని కఠినము చేయునని పుస్తకములు చెప్పును. కాని మన బావులనీరు ఆ రాతినేలలోనుండియే వచ్చి అదివరకే సున్నము నిండియుండుటచే, అందు రాయి మరి కరగుట స్వల్పము. మనము త్రాగు నీటినే పోయు తొట్టెకు నాపరాయి అభ్యంతరము కాదు. మెత్తనినీరు కోరు చేపలకై వర్షజలమును పట్టి పోయువారు మాత్రము నల్లరాతి పలకను తెచ్చుకొనవలెను. సిమెంటుతోనో సున్నముతోనో మోడును పాతు ఆలోచన వలదు. క్రొత్త సిమెంటు వారములకొలది సున్నమును విడుచుచు నీటిని క్షారముగా మార్చి చేపల మొప్పలను కాల్చును.

కొయ్యను తొట్టె యొక్క రెండు గాజుల నడుమ బిగించి నిలుపుట అన్నిటికంటె అపాయకరము. మేకు లేకయే నిలిచినదని సంతోషించిన కొలది దినములకు కొయ్య యుబ్బి గాజును నెట్టును. ఏ ప్రక్కనైనను గాజునకు రెండువ్రేళ్ల ఎడమైనను ఉండవలెను. ఎడము వ్రేలికి తక్కువైనచో చేప దూరి మరల రాలేక చచ్చును. అతుకుల చుట్టునున్న సందులను గూర్చియు ఇదే నియమము: చేప సులభముగా దాటిపోవునంత వెడల్పుగా నుంచుడు, లేక పూర్తిగా పూడ్చుడు.

పరీక్ష

సిద్ధమైన కొయ్యను పై కొమ్మ పట్టి గాలిలో ఎత్తి కదల్పవలెను. నీటిలోకంటె గాలిలో దాని బరువెక్కువ. ఇక్కడ నిలిచిన అతుకు నీటిలో తప్పక నిలుచును. తరువాత వేరు తొట్టిలో వారము దినములుంచి ఆ నీటిలో కాలువనుండి తెచ్చిన నాలుగైదు చిన్న పరిగెలను విడువవలెను. మూడు దినములు అవి చురుకుగా మేత తిని తిరిగినచో కొయ్యలో విషము లేదనుకొనవచ్చును. పైకి వచ్చి నోరు తెరచుచున్నను, ఒరిగి ఈదుచున్నను కొయ్యను తీసివేయవలెను. వెలగల చేపలతో పరీక్షింపకూడదు. పరీక్షించిన పరిగెలను వెలగల చేపలతో కలుపరాదు. కాలువచేపలు రోగములను తెచ్చును.

తొట్టెలో పెట్టునపుడు ముందు కొయ్యను నిలిపి, పిమ్మట ఇసుక పోసి, చివరకు నీరు పోయవలెను. నీరున్న తొట్టెలో చేయి పెట్టుటకు ముందు గాలిపంపు, దీపము మున్నగువాని విద్యుత్తు తీగెను గోడనుండి ఊడదీయుట మరువరాదు.

మొదటి రెండు మూడు వారములు కొయ్యపై తెల్లని జిగటబూజు పట్టును. భయపడి కొయ్యను పారవేయనక్కరలేదు. నత్తలు, చిన్న రొయ్యలు దానిని తినును; లేకున్న బ్రష్షుతో తోమిన పోవును. ఆ బూజును తినునని సక్కరు చేపను తెచ్చి వేయుమని దుకాణములలో చెప్పుదురు. కొందరు దెయ్యపుచేప యను నా చేప దక్షిణ అమెరికాది. పెరిగిన పిదప తొట్టె చాలక, పెంచువారు దానిని కాలువలలో విడిచినందున మన రాష్ట్రపు చెరువులలో చేరి పెంపుడు చేపల మేతను తినుచు, వలలను చింపుచున్నది. తెచ్చినవారు దానిని ఎన్నడును చెరువులో గాని కాలువలో గాని విడువరాదు.

ఆరు నెలలకొకసారి నీరు మార్చునపుడు అతుకును చేతితో కదల్చి చూడవలెను. మేకు చుట్టు నల్లని వలయము ఏర్పడినచో ఆ మేకు తుప్పుపట్టినదని గుర్తు. దానిని తీసి, బెజ్జములో ఎండుచీల దింపి, ప్రక్కన క్రొత్త బెజ్జము వేయవలెను. కొయ్య మెత్తబడి వ్రేలికి దిగుచున్నను, ఇసుక క్రిందనుండి కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చుచున్నను ఆ తునకను విప్పి తీసి వేరొకటి చేర్చవలెను. మరమేకుతో చేర్చిన కొయ్యలో ఈ సదుపాయము కలదు: చెడిన తునకను మాత్రమే మార్చి, మిగిలినదానిని ఆరనీయక తడిగోనెలో చుట్టియుంచి, ఆ దినముననే మరల నీటిలో దింపవచ్చును.